తేలేవి, దిగేవి ఒకే సెల్‌లో ఉంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ డేటాను విశ్లేషించడం ఎలా?

ప్రోటీన్లతో మాత్రమే పని చేసినంతకాలం సెడిమెంటేషన్ వెలాసిటీ డేటా, అంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో నమూనాను చాలా వేగంగా తిప్పుతూ కణాల కదలికను కొలిచిన డేటా, ఒకే దిక్కున నడుస్తుంది. బౌండరీ (కణాలు ఖాళీ చేసిన చోటికీ ఇంకా ఉన్న చోటికీ మధ్య హద్దు) మెనిస్కస్ (ద్రవం పై అంచు) దగ్గర పుట్టి, నమూనా పోసే సెల్ అడుగు వైపు వెళ్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉన్న సెట్టింగులన్నీ ఈ దృశ్యాన్ని దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి. లిపిడ్ నానోపార్టికల్స్, లైపోప్రోటీన్లు, డిటర్జెంట్‌లో కరిగించిన మెంబ్రేన్ ప్రోటీన్లు చేతికొచ్చినప్పుడు మాత్రం ఒకే సెల్‌లో కొన్ని అడుగుకు దిగుతాయి, కొన్ని మెనిస్కస్ వైపు తేలుతాయి.

ఇలాంటి డేటా కనిపిస్తే చాలామంది తేలే భాగాన్ని ఫిట్టింగ్ పరిధి నుంచి కోసేసి, మిగిలిన దాన్ని మామూలు ప్రోటీన్ డేటాలా ఫిట్ చేస్తారు. దయచేసి అలా చేయకండి. తేలేవి వదిలిన సిగ్నల్ సెల్ మధ్యలో ఇంకా ఉంటుంది. దాన్ని మోడల్‌లోకి రానివ్వకపోతే అది బేస్‌లైన్‌లోకో నాయిస్‌లోకో చొరబడి, దిగేవాటి లెక్కను కూడా పాడుచేస్తుంది. రెండింటినీ కలిపి ఒకే ఫిట్‌లో పెట్టాలి, కానీ ఒక్కోదాన్ని దాని సొంత ప్రారంభ స్థానంతో, దాని సొంత వి-బార్‌తో (ఒక గ్రాముకు పట్టే ఘనపరిమాణం, వివరం మొదటి మెట్టులో) చూడాలి. ఈ వ్యాసంలో చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

మొదటి మెట్టు: ఏది తేలాలో, ఏది దిగాలో ముందే లెక్క వేసుకోండి

అణుభారాన్ని (1 − వి-బార్ × ద్రావణ సాంద్రత)తో గుణించి, అవగాడ్రో సంఖ్యతోనూ ఘర్షణ గుణకంతోనూ భాగిస్తే వచ్చేదే ఎస్ విలువ, అంటే కణం ఎంత వేగంగా, ఏ దిక్కుకు కదులుతుందో చెప్పే సంఖ్య. కొలమానం స్వెడ్‌బర్గ్, అంటే 10⁻¹³ సెకన్లు. ఈ సూత్రంలో గుర్తును నిర్ణయించేది ఆ బ్రాకెట్ ఒక్కటే. అది ధనాత్మకమైతే కణం దిగుతుంది, రుణాత్మకమైతే తేలుతుంది, సున్నా అయితే ఎంత వేగంతో తిప్పినా కదలదు.

వి-బార్ అంటే ఒక గ్రాము పదార్థం ద్రావణంలో ఆక్రమించే ఘనపరిమాణం. ప్రోటీన్లకు ఇది మిల్లీలీటర్లలో సుమారు 0.73, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు సుమారు 0.55. లిపిడ్లకు 1కి అటూ ఇటూ. డిటర్జెంట్లలో డీడీఎం సుమారు 0.82 కాబట్టి నీటి బఫర్‌లో దాని మైసెల్స్ (డిటర్జెంట్ అణువుల గుంపులు) దిగుతాయి. ఎల్‌డీఏఓ సుమారు 1.13 కాబట్టి దాని మైసెల్స్ తేలుతాయి. సీ8ఈ4, సీ8ఈ5 లాంటివి 1కి చాలా దగ్గర కాబట్టి నీటిలో దాదాపు కదలవు. మెంబ్రేన్ ప్రోటీన్ల పనికి వాటిని ఏరి కోరి వాడేది అందుకే.

మిశ్రమ కణమైతే బరువు వాటాల ప్రకారం సగటు తీయండి. ఉదాహరణకు లిపిడ్ వి-బార్ 1.02, ఆర్‌ఎన్‌ఏ వి-బార్ 0.55 అనుకోండి. కణం బరువులో ఆర్‌ఎన్‌ఏ వాటా ఎంత ఉంటే సగటు సరిగ్గా 1 అవుతుంది? 0.02ను 0.47తో భాగిస్తే సుమారు 4.3 శాతం. అంటే నీటికి దగ్గరి సాంద్రత ఉన్న బఫర్‌లో ఖాళీ కణాలు తేలుతాయి, నాలుగైదు శాతం కంటే ఎక్కువ నిండినవి దిగుతాయి, మధ్యలో ఉన్నవి నిలబడిపోతాయి. ఒకే తయారీలో మూడు రకాలూ ఉండొచ్చు. ఈ చిన్న లెక్క వేసుకుని కూర్చుంటే స్కాన్లలో (సెల్ పొడవునా సిగ్నల్ ఎంతుందో చూపే గ్రాఫులు) ఏం చూడాలో మీకు ముందే తెలుస్తుంది.

తేలే వేగాన్ని కొలవడం కొత్త విద్యేమీ కాదు. జాన్ గాఫ్‌మన్ బృందం 1949 నాటికే రక్తంలోని లైపోప్రోటీన్లను ఇలా వేరుచేసి చూసింది. ఎల్‌డీఎల్ సాంద్రత మిల్లీలీటరుకు 1.019 నుంచి 1.063 గ్రాముల వరకు ఉంటుంది, కాబట్టి మామూలు నీటిలో అది దిగుతుంది. ఉప్పు వేసి ద్రావణ సాంద్రతను 1.063కు తెస్తే అది తేలుతుంది, హెచ్‌డీఎల్ మాత్రం దిగుతుంది. గుర్తు కణానికి మాత్రమే చెందినది కాదు, కణానికీ ద్రావణానికీ ఉమ్మడిగా చెందినది. చివరి మెట్లలో ఈ విషయమే మనకు బాగా పనికొస్తుంది.

రెండో మెట్టు: రెండు జాతులకూ (తేలేవి, దిగేవి) సరిపడే వేగం ఎంచుకోండి

ఇక్కడ చేసిన పొరపాటును విశ్లేషణలో సరిదిద్దలేం, కాబట్టి కాస్త ఓపికగా లెక్కలు చూద్దాం. మెనిస్కస్ 6.0 సెంటీమీటర్ల దగ్గర, అడుగు 7.2 దగ్గర ఉందనుకోండి. ఒక తేలే కణం −50 స్వెడ్‌బర్గ్‌లు, దానితోపాటు 4 స్వెడ్‌బర్గ్‌ల ప్రోటీన్ ఉన్నాయి. నిమిషానికి 45,000 చుట్లు తిప్పితే ప్రోటీన్ సెల్ దాటడానికి సుమారు 5 గంటల 40 నిమిషాలు పడుతుంది, తేలేవి 27 నిమిషాల్లో పైకి చేరిపోతాయి. నాలుగైదు సెల్స్ వరుసగా స్కాన్ అవుతుంటే ఆ 27 నిమిషాల్లో మీకు దొరికే స్కాన్లు చాలా తక్కువ. 20,000 చుట్లకు దిగితే తేలేవాటికి 2 గంటల 18 నిమిషాలు వస్తాయి, అది చాలు. కానీ ప్రోటీన్‌కు 29 గంటలు కావాలి. ఈలోగా వ్యాపనం వల్ల దాని బౌండరీ పూర్తిగా చెదిరిపోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, తక్కువ వేగంతో మొదలుపెట్టి తేలేవన్నీ పైకి చేరాక వేగం పెంచడం. అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ప్రతి స్కాన్‌కూ నిజమైన కాలం, వేగం పెరిగిన క్రమం రెండూ అందాయో లేదో తప్పక చూసుకోండి. వేగం పెరిగితే రోటర్ కొద్దిగా సాగుతుంది, అడుగు స్థానం జరుగుతుంది. రెండో దారి, ఒకే నమూనాను రెండు వేర్వేరు వేగాల్లో రెండుసార్లు నడిపి రెండు ఫలితాలనూ పోల్చడం లేదా కలిపి ఫిట్ చేయడం. నమూనా సరిపడా ఉంటే నేను రెండోదే మంచిదంటాను. లెక్క శుభ్రంగా ఉంటుంది, ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి.

వేగం ఏదైనా, తిప్పడం మొదలుపెట్టే ముందు రోటర్ ఉష్ణోగ్రత పూర్తిగా స్థిరపడే దాకా ఆగండి. ఉష్ణోగ్రతలో తేడా ఉంటే ద్రవంలో ప్రవాహాలు పుడతాయి. వాటి దెబ్బ ముందుగా తగిలేది మొదటి స్కాన్లకే. తేలేవాటి సమాచారం ఎక్కువగా ఉండేది కూడా ఆ మొదటి స్కాన్లలోనే.

వీలైతే రెండు ఆప్టిక్స్‌తోనూ, అంటే శోషణ (నమూనా ఎంత కాంతిని పీల్చుకుందో), ఇంటర్‌ఫెరెన్స్ (వక్రీభవనంలో తేడా) రెండింటితోనూ, డేటా తీసుకోండి. 280 నానోమీటర్ల శోషణలో చాలా డిటర్జెంట్లూ లిపిడ్లూ కనిపించవు, ఇంటర్‌ఫెరెన్స్‌లో కనిపిస్తాయి. తేలే బౌండరీ ఇంటర్‌ఫెరెన్స్‌లో మాత్రమే ఉందంటే అది ఖాళీ మైసెల్ అయ్యే అవకాశం ఎక్కువ. రెండింట్లోనూ ఉంటే అందులో ప్రోటీనో న్యూక్లియిక్ ఆమ్లమో ఉండొచ్చు, లేదా పెద్ద కణాలు కాంతిని చెదరగొడుతూ ఉండొచ్చు. ఈ రెండో అవకాశాన్ని తోసిపుచ్చడానికి 320 నానోమీటర్ల దగ్గర కూడా ఒకసారి చూడండి. ప్రోటీన్లు, న్యూక్లియిక్ ఆమ్లాలు అక్కడ దాదాపు శోషించవు, కాబట్టి అక్కడ సిగ్నల్ ఉందంటే అది చాలావరకు కాంతి చెదరడం వల్ల వచ్చిందే.

మూడో మెట్టు: ఫిట్ చేసే ముందు స్కాన్లను కళ్లారా చూడండి

ఈ మెట్టుకు నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిస్తాను. సాఫ్ట్‌వేర్ ఏ సంఖ్య ఇచ్చినా, ముందు మీ కంటికి కథ అర్థం కావాలి.

సెల్ మొత్తం మొదట ఒకే గాఢతతో ఉంటుంది. కాసేపటికి మెనిస్కస్ దగ్గరి నుంచి దిగేవి ఖాళీ అవుతాయి, అడుగు దగ్గరి నుంచి తేలేవి ఖాళీ అవుతాయి. అప్పుడు స్కాన్ మెనిస్కస్ వైపు తక్కువగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తేలేవే ఉన్నాయి. మధ్యలో రెండూ ఉన్నాయి కాబట్టి పైకి లేస్తుంది. అడుగు వైపు దిగేవే మిగిలాయి కాబట్టి మళ్లీ కిందికి పడుతుంది. మొత్తం మీద మధ్యలో ఒక గట్టు కనిపిస్తుంది. రెండు బౌండరీలూ ఒకదాన్నొకటి దాటాక చిత్రం తలకిందులవుతుంది. మెనిస్కస్ వైపు తేలేవి, అడుగు వైపు దిగేవి, మధ్యలో రెండూ లేని ఒక లోయ. గట్టు లోయగా మారడం మీ స్కాన్లలో కనిపిస్తే మిశ్రమం ఉందని అనుమానం లేకుండా చెప్పొచ్చు.

ఆ లోయ మీకు చాలా విలువైనది. రెండు జాతులూ ఖాళీ చేసిన చోటు అది. అక్కడి సిగ్నలే అసలైన బేస్‌లైన్. కాబట్టి ప్రయోగాన్ని బౌండరీలు దాటుకుని మధ్యభాగం ఖాళీ అయ్యేదాకా కొనసాగించండి. ఎంతకీ ఆ లోయ బేస్‌లైన్‌కు దిగకపోతే, కదలని జాతి ఏదో ఉండొచ్చు. లేదా చాలా చిన్న అణువులేవో మిగిలి ఉండొచ్చు.

ప్లాటో (బౌండరీ దాటాక స్కాన్‌లో కనిపించే చదునైన భాగం) ఎత్తును కూడా గమనించండి. దిగేవాటికి ప్లాటో కాలంతోపాటు పలచబడుతుంది, ఎందుకంటే అవి వెడల్పయ్యే సెక్టార్‌లోకి వెళ్తున్నాయి. 6.0 నుంచి 6.5 సెంటీమీటర్లకు బౌండరీ చేరేసరికి ప్లాటో గాఢత సుమారు 15 శాతం తగ్గుతుంది. తేలేవాటికి దీనికి పూర్తిగా విరుద్ధం. అవి ఇరుకయ్యే వైపు వెళ్తాయి కాబట్టి ప్లాటో చిక్కబడుతుంది. 7.2 నుంచి 6.5కు వచ్చేసరికి సుమారు 23 శాతం పెరుగుతుంది. అందుకే స్కాన్ మీద స్కేలు పెట్టి ఎత్తులు కొలిచి, తేలేవి ఇంత శాతం, దిగేవి ఇంత శాతం అని చెప్పకూడదు. సెల్ మధ్యకు వచ్చాక తీసుకున్న స్కాన్‌తో అలా కొలిస్తే తేలేవి ఉన్నదానికంటే ఎక్కువగా, దిగేవి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి.

నాలుగో మెట్టు: మెనిస్కస్, అడుగు, ఫిట్టింగ్ హద్దులు

దిగే జాతికి బౌండరీ మెనిస్కస్ దగ్గర మొదలవుతుంది కాబట్టి ఎస్ విలువ కచ్చితత్వం మెనిస్కస్ స్థానం మీద ఆధారపడుతుంది. తేలే జాతికి బౌండరీ మొదలయ్యేది అడుగు దగ్గర. ప్రోటీన్ పనిలో అడుగు స్థానాన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఇక్కడ అది కీలకం.

ఎంత కీలకమో చూడండి. అసలు అడుగు 7.20 దగ్గర ఉంటే మీరు 7.22 అని గుర్తుపెట్టారు. బౌండరీ 7.0 దగ్గర ఉన్నప్పుడు ఎస్ విలువలో సుమారు 10 శాతం తప్పు వస్తుంది. బౌండరీ 6.6కు చేరాక అదే తప్పు 3 శాతానికి తగ్గుతుంది. ఇలా కాలంతో మారే తేడా వల్ల ఒక మేలు కూడా ఉంది. అడుగు స్థానాన్ని ఫిట్‌లో స్వేచ్ఛగా మారనిస్తే, అన్ని స్కాన్లకూ ఒకే ఎస్ విలువ నప్పే చోటును సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకోగలదు. కాబట్టి తేలే జాతి స్పష్టంగా ఉన్న డేటాలో మెనిస్కస్‌నూ అడుగునూ రెండింటినీ ఫిట్ చేయించండి, కానీ గట్టి హద్దుల మధ్య. మెనిస్కస్‌కు, అడుగుకు విడివిడిగా పరిధి ఇచ్చి, ఫిట్ ఇచ్చిన విలువ హద్దును ఆనుకుని ఆగిపోయిందేమో చూడండి. ఆగిపోతే మోడల్‌లోనే ఇంకేదో తప్పుంది.

మెనిస్కస్‌ను గుర్తించడానికి మొదటి స్కాన్లే వాడండి. తేలేవి పైకి చేరి పేరుకున్నాక అక్కడ ఏటవాలు గాఢత ఏర్పడి కాంతి వంగుతుంది, మెనిస్కస్ శిఖరం జరిగినట్టు, వెడల్పైనట్టు కనిపిస్తుంది. ఆలస్యంగా తీసిన స్కాన్‌లో గుర్తుపెట్టిన మెనిస్కస్‌ను నమ్మొద్దు. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర తీసిన తొలి స్కాన్ ఉంటే దాన్ని చేతికింద ఉంచుకోండి. మొత్తం సిగ్నల్ ఎంతో కూడా అదే చెబుతుంది.

ఫిట్టింగ్ హద్దుల సంగతి సూటిగా చెప్తాను. పేరుకుపోయిన రెండు చివర్లనూ వదలాలి. అడుగు దగ్గర దిగినవి పేరుకుంటాయి, మెనిస్కస్ దగ్గర తేలినవి పేరుకుంటాయి. మామూలుగా మెనిస్కస్‌కు ఆనించి పెట్టే ఎడమ హద్దును పేరుకున్న పొర దాటేవరకు జరపండి. కుడి హద్దును మాత్రం మామూలుకన్నా అడుగుకు దగ్గరగా ఉంచే ప్రయత్నం చేయండి, ఎందుకంటే తేలే బౌండరీ తొలి కదలిక అక్కడే ఉంది. ఈ రెండు కోరికలూ ఒక్కోసారి పోట్లాడుకుంటాయి. తేలేవి ఎంత పెద్దవైతే అంత పలచని పొరగా పేరుకుంటాయి, కాబట్టి వదలాల్సిన భాగం తక్కువే ఉంటుంది.

ఐదో మెట్టు: ముందు వ్యాపనం లేని పంపిణీతో మొదలుపెట్టండి

నేరుగా సీ-ఆఫ్-ఎస్ (వ్యాపనాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ఎస్ విలువల పంపిణీ) ఫిట్‌కు వెళ్లకండి. సెడ్‌ఫిట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఎల్‌ఎస్-జీ-స్టార్ లాంటి, వ్యాపనాన్ని లెక్కలోకి తీసుకోని పంపిణీతో మొదలుపెట్టి, ఎస్ పరిధిని రుణాత్మకం నుంచి ధనాత్మకం దాకా ఇవ్వండి. దీనికి వి-బార్ అక్కర్లేదు, ఆకారం గురించి ఏ ఊహా అక్కర్లేదు. శిఖరాలు అసలుకంటే వెడల్పుగా వస్తాయి, ఫర్వాలేదు. ఈ దశలో మీకు కావాల్సింది ఒక్కటే, ఏ జాతి ఎంత దూరంలో, ఏ వైపున ఉందో తెలియడం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, గ్రిడ్ సాంద్రత, అంటే ఎస్ పరిధిలో బిందువులు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది. −200 నుంచి +20 దాకా 100 బిందువులు పరిస్తే రెండు బిందువుల మధ్య దూరం 2.2 స్వెడ్‌బర్గ్‌లు అవుతుంది. 4 స్వెడ్‌బర్గ్‌ల ప్రోటీన్‌కు ఒకటి రెండు బిందువులే దక్కుతాయి. దాని సిగ్నల్ పక్కవాటిలోకి పంచుకుపోతుంది. కాబట్టి తేలే వైపు బిందువులు ఎడంగా, దిగే వైపు దగ్గరగా ఉండేలా పరిధులను విడగొట్టండి.

రెండోది సున్నా. ఎస్ విలువ సున్నాకు దగ్గరగా ఉన్న జాతి కదలదు. కాలంతో మారని నాయిస్ కూడా కదలదు. కాబట్టి ఈ రెండింటినీ ఫిట్ వేరుచేయలేదు. సున్నాకు అటూ ఇటూ చిన్న ఖాళీ వదిలి గ్రిడ్ వేయండి. వదలకపోతే సున్నా దగ్గర ఒక పెద్ద శిఖరం లేస్తుంది, దాని ఎత్తుకు అర్థం ఉండదు. శోషణ డేటాలో ముందు కాల-స్థిర నాయిస్ సవరణ లేకుండానే ఫిట్ చేసి చూడండి. ఇంటర్‌ఫెరెన్స్‌లో ఆ సవరణ తప్పనిసరి, కాబట్టి అక్కడ మధ్యలోని లోయ చూపించే అసలైన బేస్‌లైన్ ఉన్న స్కాన్లను ఫిట్‌లో తప్పక చేర్చండి.

వాన్ హోల్డ్-వైషెట్ పద్ధతికి అలవాటుపడినవారికి ఒక మాట. ఆ పద్ధతి ప్రతి బౌండరీనీ కింది నుంచి పైకి భాగాలుగా విడగొడుతుంది. గట్టులా లేచి పడే స్కాన్‌లో సగం ఎత్తు అన్న మాటకు అర్థమే ఉండదు. రెండు దిక్కుల మిశ్రమానికి దాన్ని నేరుగా వాడకండి.

ఆరో మెట్టు: వ్యాపనాన్ని కలపండి, వి-బార్‌ను విడదీయండి

ఇప్పుడు ల్యామ్ సమీకరణంతో (సెల్‌లో గాఢత కాలంతో ఎలా మారుతుందో చెప్పేది) పూర్తి ఫిట్. ఓలె ల్యామ్ 1929లో ఇచ్చిన ఆ సమీకరణానికి నిజానికి కావాల్సినవి రెండే: ఎస్ విలువ, వ్యాపన గుణకం. తేలినా దిగినా దానికి ఒకటే. చిక్కు వచ్చేది సీ-ఆఫ్-ఎస్ పద్ధతి ఎస్ నుంచి వ్యాపన గుణకాన్ని ఊహించే చోట. అందుకు అది ఘర్షణ నిష్పత్తినీ (కణం ఆకారం గోళానికి ఎంత దూరమో చెప్పే సంఖ్య) వి-బార్‌నూ వాడుతుంది. మీరు 0.73 అని ఇచ్చి రుణాత్మక ఎస్ పరిధి పెడితే, బ్రాకెట్ ధనాత్మకం, ఎస్ రుణాత్మకం. అంటే అణుభారం రుణాత్మకం కావాలి! భౌతికంగా అర్థంలేని చోటికి వచ్చేశాం. 1.02 అని ఇస్తే తేలేవాటికి సరిపోతుంది, ప్రోటీన్‌కు అదే ఇబ్బంది.

ఒకే వి-బార్‌తో రెండు వైపులనూ న్యాయంగా ఫిట్ చేయలేం. చేయగలిగినవి ఇవి. తేలేవి పెద్ద కణాలైతే, అంటే పదుల నానోమీటర్ల వ్యాసం ఉంటే, వాటి వ్యాపనం చాలా తక్కువ. వాటి వరకు వ్యాపనం లేని మోడల్ వాడి, దిగే ప్రోటీన్‌కు సీ-ఆఫ్-ఎస్ వాడితే చాలావరకు సరిపోతుంది. తేలేవి చిన్న మైసెల్స్ అయితే వాటిని ఒక్కొక్క విడి జాతిగా, ఎస్, వ్యాపన గుణకం రెండూ స్వేచ్ఛగా మారే పారామీటర్లుగా పెట్టండి. అల్ట్రాస్కాన్ సాఫ్ట్‌వేర్ వాడేవారు టూ-డైమెన్షనల్ స్పెక్ట్రమ్ అనాలిసిస్‌లో సొంత గ్రిడ్ తయారుచేసుకుని, ఒక్కో ప్రాంతానికి వేరే వి-బార్ ఇవ్వొచ్చు. ఏ దారి పట్టినా, రెండు వైపులూ ఒకే డేటాను ఒకేసారి వివరించాలి. ఒక వైపు ఫిట్ చేసి, తీసేసి, మిగిలినదాన్ని రెండో వైపు ఫిట్ చేస్తే మొదటి ఫిట్‌లోని తప్పంతా రెండోదాని నెత్తిన పడుతుంది.

ఫిట్ అయ్యాక మొత్తం దోషం సంఖ్య ఒక్కటే చూసి తృప్తి పడకండి. రెసిడ్యువల్ చిత్రాన్ని, అంటే డేటాకూ ఫిట్‌కూ మధ్య మిగిలిన తేడాల చిత్రాన్ని, తెరవండి. వరుసలు స్కాన్లు, నిలువులు వ్యాసార్థం. దిగే జాతి సరిగ్గా ఫిట్ కాకపోతే ఒక దిక్కుకు వాలిన చారలు కనిపిస్తాయి, తేలే జాతి ఫిట్ కాకపోతే చారలు ఎదురు దిక్కుకు వాలతాయి. నిటారు చారలైతే కాల-స్థిర నాయిస్. తప్పు ఏ వైపున ఉందో ఇంత తేలిగ్గా చూపించే పరీక్ష మరొకటి లేదు.

ఏడో మెట్టు: సిగ్నల్ జమాఖర్చు సరిచూడండి

తేలేవాటి తొలి సిగ్నల్, దిగేవాటి తొలి సిగ్నల్, బేస్‌లైన్, ఈ మూడూ కలిపితే 3,000 చుట్ల దగ్గరి తొలి స్కాన్ ఎత్తు రావాలి. తక్కువ వస్తే కదలని జాతి నాయిస్‌లోకి జారుకుని ఉండొచ్చు, లేదా వేగం అందుకునేలోపే ఏవో పెద్ద కణాలు వెళ్లిపోయి ఉండొచ్చు.

సిగ్నల్‌ను బరువుగా మార్చేటప్పుడు తొందరపడకండి. ఇంటర్‌ఫెరెన్స్‌లో 12 మిల్లీమీటర్ల సెల్‌లో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ప్రోటీన్ సుమారు 3.3 ఫ్రింజులు (ఇంటర్‌ఫెరెన్స్ చారలు) ఇస్తుంది, లిపిడ్‌కు ఆ సంఖ్య వేరు. శోషణలో పెద్ద కణాలు చెదరగొట్టిన కాంతి కూడా కలిసి ఉంటుంది.

గాఢత ప్రభావం కూడా చూడాలి. నమూనాను మూడు వేర్వేరు గాఢతల్లో నడపండి. ఎదురెదురుగా వెళ్లే జాతులు ఒకదాని దారిలో మరొకటి ద్రవాన్ని కదుపుతాయి, గాఢత ఎక్కువైతే వేగాలూ వాటాలూ రెండూ మారతాయి. పలచబరిచినా వాటాల నిష్పత్తి మారకపోతే మీ సంఖ్యను నమ్మొచ్చు. మారితే తక్కువ గాఢత వైపు ఫలితాన్నే ఆధారంగా తీసుకోండి. అయితే డిటర్జెంట్ నమూనాను పలచబరిచేటప్పుడు డిటర్జెంట్ ఉన్న అదే బఫర్ వాడాలి, లేకపోతే మైసెల్సే విడిపోతాయి.

ఎనిమిదో మెట్టు: ద్రావణ సాంద్రతను మార్చి తేల్చుకోండి

ఒకే బఫర్‌లో తీసిన డేటా ఎంత చక్కగా ఫిట్ అయినా కణం సాంద్రత ఎంతో చెప్పలేదు. భారజలం కలిపిన బఫర్‌లో అదే నమూనాను మళ్లీ నడపండి. 20 డిగ్రీల దగ్గర భారజలం సాంద్రత 1.105, స్నిగ్ధత మామూలు నీటికి సుమారు 1.25 రెట్లు. ఎస్ విలువను స్నిగ్ధతతో గుణించి, సాంద్రతకు ఎదురుగా గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ సున్నాను దాటే చోటే కణం సాంద్రత. వాలు నుంచి వ్యాసం వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ఒక కణం 1.000 సాంద్రత, 1.00 మిల్లీపాస్కల్-సెకను స్నిగ్ధత ఉన్న బఫర్‌లో +71 స్వెడ్‌బర్గ్‌లు చూపింది. 1.050 సాంద్రత, 1.12 స్నిగ్ధత ఉన్న మిశ్రమంలో −95 చూపింది. స్నిగ్ధతతో గుణిస్తే +71, సుమారు −106. రేఖ 1.020 దగ్గర సున్నాను దాటుతుంది. వాలును 18తో గుణించి వర్గమూలం తీస్తే గోళాకార కణానికి వ్యాసం సుమారు 80 నానోమీటర్లు. రెండు బిందువులతో రేఖ ఎప్పుడూ గీయొచ్చు, కాబట్టి కనీసం మూడు సాంద్రతల్లో చేయండి. మూడోది రేఖ మీద పడకపోతే కణం తీరు బఫర్‌ను బట్టి మారుతోందన్నమాట.

మొదటి బఫర్‌లో కదలకుండా నాయిస్‌లో దాక్కున్న జాతి ఉంటే, సాంద్రత మారగానే అది తేలడం మొదలుపెట్టి బయటపడుతుంది. మిశ్రమాలకు ఈ మెట్టు తప్పనిసరి అని నేను అనడానికి ముఖ్య కారణం ఇదే.

సాంద్రత పెంచడానికి సుక్రోజ్ వాడాలనిపిస్తుంది. వద్దు. ఎక్కువ వేగంలో సుక్రోజ్ తానే కిందికి జరిగి, సెల్ పొడవునా సాంద్రత మారేలా చేస్తుంది. అప్పుడు ఒకే కణం మెనిస్కస్ దగ్గర దిగుతూ, అడుగు దగ్గర తేలుతూ మధ్యలో గుమిగూడుతుంది. దాన్ని రెండు జాతులని మీరు పొరబడొచ్చు. పైగా లోపల నీరున్న లైపోజోమ్‌లు చక్కెరకు కుంచించుకుపోతాయి. భారజలంలో ఈ బెడద తక్కువ. అయితే ప్రోటీన్‌లో మార్పిడికి వీలైన హైడ్రోజన్ల చోట డ్యూటీరియం చేరి దాని బరువు పెరుగుతుంది. పూర్తి భారజలంలో ఆ పెరుగుదల సుమారు ఒకటిన్నర శాతం, దాన్ని లెక్కలో కలపండి.

ఫలితాన్ని రాసేటప్పుడు

ఎస్ విలువలను 20 డిగ్రీల నీటి పరిస్థితికి మార్చి రాయడం ప్రోటీన్లకు అలవాటైన పద్ధతి. తేలేవాటికి అది ప్రమాదం. ఆ సవరణలో (1 − వి-బార్ × సాంద్రత) విలువలను ఒకదానితో ఒకటి భాగిస్తాం. ఆ విలువ −0.02 ఉన్న కణానికి వి-బార్‌లో 0.01 తేడా వస్తే అదొక్కటే 50 శాతం తప్పు. బఫర్‌లో తేలి, నీటిలో దిగే కణానికైతే సవరణ తర్వాత గుర్తే మారిపోతుంది, చదివేవారికి ప్రయోగంలో ఏం జరిగిందో అర్థం కాదు. కాబట్టి ప్రయోగంలో కొలిచిన ఎస్ విలువనే గుర్తుతో సహా ఇవ్వండి. పక్కనే బఫర్ సాంద్రత, స్నిగ్ధత, ఉష్ణోగ్రత, రోటర్ వేగం రాయండి. తేలేవాటికీ దిగేవాటికీ వాడిన వి-బార్‌లను విడివిడిగా చెప్పండి. అడుగు స్థానాన్ని ఫిట్ చేశారా, స్థిరంగా ఉంచారా అన్నది, సున్నా చుట్టూ ఎంత ఖాళీ వదిలారన్నది కూడా చేర్చండి. పంపిణీ గ్రాఫ్‌లో రుణాత్మక వైపును కత్తిరించకుండా, పక్కనే రెసిడ్యువల్ చిత్రాన్ని కూడా పెట్టండి.